ఇంటి సగం ఆసుపత్రిలో ఉన్నప్పుడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మైకు పట్టుకున్నవాళ్లు మామూలుగా రెండే విషయాలు మాట్లాడతారు. ఒకటి అప్పటి బడి, రెండోది ఇప్పటి బీపీ. నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నప్పుడు, ఆ రెండూ కలిసే సంగతి ఒకటి చెబుతానన్నాను. మా 1976 బ్యాచ్‌లో అందరికీ అరవై దాటాయి. పిల్లలు తలా ఒక ఊళ్లో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఇద్దరం. కొందరి ఇళ్లలో ఎనభై దాటిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు. ఈ ఇద్దరిలో ఒకరు ఆసుపత్రిలో చేరితే, ఆ మనిషిని డాక్టర్లు చూసుకుంటారు. మరి ఇంటిని ఎవరు చూసుకోవాలి? ఈ పది నిమిషాలూ దాని గురించే మాట్లాడతాను.

కిందటేడు జులైలో మావారికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. విజయవాడలో 11 రోజులున్నారు. మా ఇల్లు ఇక్కడే, తెనాలిలో. అమ్మాయి పుణే నుంచి వచ్చింది. రాత్రి కాపలా దానిది, పగలు నాది. సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చేదాన్ని, ఎందుకంటే ఇంట్లో 86 ఏళ్ల అత్తయ్యగారున్నారు. పనిమనిషి మధ్యాహ్నం దాకా ఉండేది. ఆ తరవాత నేను వచ్చేవరకూ ఆవిడ ఒక్కరే.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ 11 రోజుల్లోనే ఇంట్లో ఒకదాని తరవాత ఒకటి పాడయ్యాయి. చుట్టాలు గ్రహాలన్నారు, దిష్టన్నారు. నాకు మాత్రం ఇంకొకటి తోచింది. ఇల్లేమీ మామీద పగబట్టలేదు. మావారు పొద్దున లేచి మోటారు వేస్తూ దాని చప్పుడు వినేవారు, ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు చూసేవారు, గీజరు స్విచ్చి తీసేవారు. అవి పనులని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ చెయ్యి ఆగిపోయాక తెలిసింది. నలభై ఏళ్ల కాపురంలో పనులు వాటంతటవే పంచుకుంటాయి. వంటింటి లెక్కలు, అత్తయ్యగారి మందులు నా తలలో ఉన్నాయి. కరెంటు, నీళ్లు, గ్యాసు ఆయన తలలో ఉన్నాయి. ఆయనతోపాటు ఇంటి సగం కూడా ఆసుపత్రికి వెళ్లింది.

మొదటి రాత్రి కరెంటు పోయింది. వీధంతా వెలుగు, మా ఇల్లొక్కటే చీకటి. మన చిన్నప్పుడైతే ఫ్యూజు పోయిందని తీగ చుట్టేవాళ్లం. ఇప్పటి ఇళ్లలో మెయిన్ దగ్గర లీకేజీని కనిపెట్టే స్విచ్చి ఒకటి ఉంటుంది. ఇళ్లకు సాధారణంగా పెట్టేది 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే పడిపోతుంది. అది పడిందంటే ఇంట్లో ఎక్కడో కరెంటు దారి తప్పి కారుతోందని అర్థం. మళ్లీ మళ్లీ బలవంతంగా పైకి లేపకూడదు. పొడి చేతులతో, రబ్బరు చెప్పులేసుకుని, చిన్న స్విచ్చులన్నీ కిందికి దించి, మెయిన్ లేపాను. నిలబడింది. తరవాత ఒక్కొక్కటే లేపుతూ వచ్చాను. గీజరుది లేపగానే మెయిన్ టప్పున పడింది. దొంగ దొరికాడు. దాన్ని దించి మిగతావన్నీ వేసుకున్నాం. అత్తయ్యగారికి మర్నాటి నుంచి స్నానానికి నీళ్లు పొయ్యి మీదే. గీజరు లోపలి ఎలిమెంటు చిట్లిందని తరవాత మెకానిక్ చెప్పాడు.

మూడోరోజు సాయంత్రం జరిగింది వేరు. అది చెప్పడానికే నేను ఈ మైకు తీసుకున్నాననుకోండి. తలుపు తియ్యగానే గుప్పున గ్యాసు వాసన. లోపల చీకటి. చెయ్యి అలవాటుగా స్విచ్చి మీదికి వెళ్లబోయింది, వెనక్కి తీసుకున్నాను. అత్తయ్యగారు వెనక వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముందు ఆవిణ్ని దొడ్డిదారిన వీధిలోకి తీసుకొచ్చి ఎదురింటివాళ్ల అరుగు మీద కూర్చోబెట్టాను. ఎదురింటి అబ్బాయి తోడొస్తే లోపలికెళ్లి రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాను. ఇద్దరి ఫోన్లూ బయటే పెట్టాం. లైటు గానీ ఫ్యాను గానీ వెయ్యలేదు, వేసి ఉన్నవాటిని ఆపనూ లేదు. స్విచ్చి వేసినా, తీసినా నిప్పురవ్వ పుట్టొచ్చు. బయటికొచ్చి 1906కి ఫోన్ చేశాం. అది వంటగ్యాసు లీకేజీకి ఇరవైనాలుగు గంటలూ పనిచేసే నంబరు.

ఇక్కడ మన గురువుల్ని తలుచుకోవాలి. తొమ్మిదో తరగతిలో మన ఫిజికల్ సైన్స్ మాస్టారు బీకరులో వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టి, పై నుంచి కంటికి కనపడనిదేదో వంచినట్టు వంచేవారు. కొవ్వొత్తి ఆరిపోయేది. కార్బన్ డయాక్సైడు గాలి కంటే బరువు, అందుకే నీళ్లలాగా అడుక్కి దిగుతుందని చెప్పేవారు. మన వంటగ్యాసు కూడా గాలి కంటే బరువే. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే పై వెంటిలేటరు ఒక్కటీ తెరిస్తే చాలదు, గడప దాటి బయటికి పోయేలా తలుపులు తెరవాలి. ఆ రోజుల్లో మార్కుల కోసం బట్టీపట్టిన వాక్యం యాభై ఏళ్ల తరవాత మా ఇంటి గడప దగ్గర అక్కరకొచ్చింది. మాస్టారు ఈ సభలో లేరు. ఆయనకు నమస్కారం.

జరిగిందేమిటంటే, అత్తయ్యగారు కాఫీకని పాలు పెట్టుకున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆవిడకు వాసన తెలియలేదు. వయసు పెరిగేకొద్దీ చూపు, వినికిడి తగ్గినట్టే వాసన పట్టే శక్తీ తగ్గుతుంది. చూపుకి కళ్లజోడు పెట్టిస్తాం గానీ, దీని సంగతి ఎవరం ఆలోచించం. ఇంట్లో పెద్దవాళ్లుంటే దయచేసి ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. వాళ్లు ఒంటరిగా ఉండే వేళల్లో రెగ్యులేటర్ కట్టి ఉండాలి, ఫ్లాస్కులో కాఫీ ఉండాలి.

ఆ రాత్రి అత్తయ్యగారు అన్నం ముట్టలేదు. "వాడక్కడ, నేనిక్కడ. నీకు ఇద్దరం బరువయ్యాం అమ్మాయ్" అన్నారు. ఇల్లు దక్కిందన్న ఊరట కంటే ఆ మాట ఎక్కువసేపు నిలిచింది. మర్నాడు ఆవిడకొక నోటుబుక్కూ పెన్నూ ఇచ్చాను. ఎవరొచ్చారు, ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, అన్నీ రాయాలన్నాను. ఆవిడ అయిదో తరగతి చదివారు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. సాయంత్రానికి రెండు పేజీలు నింపారు. అన్నం కూడా తిన్నారు. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు పెద్దవాళ్లకు విశ్రాంతి కంటే పని ఎక్కువ మందు.

అయిదో రోజు గ్యాసు బండ వచ్చింది, మావారు ఆసుపత్రికి వెళ్లేముందు బుక్ చేసినది. రిజిస్టరైన ఫోన్‌కి కోడ్ వస్తుంది, అది చెబితేనే బండ దింపుతారు. ఫోన్ ఆయనది. ఉంగరం, వాచీతోపాటు ఒక కవర్లో పెట్టి ఆసుపత్రివాళ్లు నాకిచ్చారు. అది లాక్ అయి ఉంది. మనిషేమో ఐసీయూలో. అప్పుడు అత్తయ్యగారు నోటుబుక్కులోంచి తల ఎత్తకుండానే అన్నారు: "వాడికి ఏ నంబరైనా పాత స్కూటరు నంబరే." కొట్టాను. తెరుచుకుంది. బండ దిగింది. నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న నాకు తెలియంది కన్నతల్లికి తెలుసు. ఆ రోజంతా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఏడో రోజు మోటారు. స్విచ్చి వేస్తే 'గుంయ్' అంటోంది, తిరగడం లేదు. వెంటనే కట్టేశాను. తిరగకుండా గుంయ్‌మంటున్న మోటారుని అలాగే వదిలితే లోపలి చుట్టు కాలిపోతుంది. కెపాసిటర్ మార్చేసరికి మామూలుగా తిరిగింది. అది చిన్న ఖర్చు. చుట్టు కాలితే పెద్ద ఖర్చయ్యేది.

ఈ ఎలక్ట్రీషియన్ని పంపింది మన స్నేహితుల్లో ఒకరే. దాని గురించి ఒక మాట చెప్పాలి. మావారు ఆసుపత్రిలో ఉన్నారని తెలియగానే నాకు ఎన్నో ఫోన్లొచ్చాయి. "ఏం కావాలన్నా మొహమాటపడకు, చెప్పు" అన్నారు అందరూ. మనసారా అన్నారు, కాదనను. కానీ ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏం కావాలో ఆలోచించి చెప్పడమూ ఒక పనే. ముగ్గురు మాత్రం వేరేలా మాట్లాడారు. ఒకావిడ "రోజూ రెండింటి నుంచి ఆరింటి దాకా మీ అత్తయ్యగారి దగ్గర నేను కూర్చుంటా" అంది. మారిస్‌పేటలో ఉండే క్లాస్‌మేటు "కరెంటు, నీళ్లు, మెకానిక్కులు నాకొదిలెయ్" అన్నాడు. ఇంకొకామె "రాత్రి భోజనం క్యారియర్ నాది, ఉప్పు లేకుండా వేరే గిన్నెలో ఆవిడకి" అంది. ఆ మూడు మాటలతో నా మీది భారం సగం దిగింది. మన సంఘం వాట్సాప్ బృందంలో ఎవరింట్లోనైనా ఇలాంటి కబురు వింటే, దండాల బొమ్మలు పెట్టండి, కాదనను. వాటితోపాటు ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా పని నాది అని రాయండి.

నాలుగో రోజు వరకూ మావారికి సొట్టు లేదు. ఆరో రోజు గదిలోకి మార్చారు. మాట పెగిలాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ట్యాంకు నిండుతోందా?" గుండె కోసి కుట్టిన మనిషికి ఏం చెప్పాలి? నేనొక పద్ధతి పెట్టుకున్నాను. బాగు చేయించాకే చెప్పడం, చెప్పినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పడం. ఏడో రోజు మోటారు చెడింది, ఎనిమిదో రోజు చెప్పాను: "కెపాసిటర్ పోయింది, మార్పించాను, తిరుగుతోంది." ఆయన కళ్లు మూసుకుని "కొత్తదానికి గ్యారంటీ రాయించావా?" అన్నారు. అప్పుడు నాకు ధైర్యమొచ్చింది, మనిషి మళ్లీ మనిషవుతున్నాడని.

డిశ్చార్జితో కథ అయిపోదు. రొమ్ము ఎముక కోసి చేసే ఆపరేషన్ కనుక అది అతికే రెండు మూడు నెలలు బరువులెత్తకూడదు. గ్యాసు బండలో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండతో కలిపితే 30 కిలోల దాకా ఉంటుంది. నీళ్ల బకెట్టు కూడా నిషిద్ధమే. ఆ నెలల్లో ఆయన కుర్చీలో కూర్చుని తన తలలోని సగాన్ని చెబుతుంటే నేను రాశాను. నా తలలోని సగాన్ని నేను చెబుతుంటే ఆయన రాశారు. తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన దాన్ని, ఫారం తయారుచెయ్యడం నాకు అలవాటే.

ఇప్పుడు మా వంటింటి తలుపు వెనక ఒక కాగితం ఉంది. మెయిన్ స్విచ్చి ఎక్కడుంది, ఏ స్విచ్చి ఏ గదిది, ట్యాంకు నిండడానికి ఎంతసేపు, బ్యాటరీ నీళ్లు ఎప్పుడు పొయ్యాలి, గ్యాసు కన్స్యూమర్ నంబరు, పాలవాడు, మెకానిక్, ప్లంబరు, అత్తయ్యగారి మందులు ఏ పూట ఏవి. అత్యవసరానికి మూడు నంబర్లు: అంబులెన్సుకి 108, గ్యాసుకి 1906, కరెంటుకి 1912. ఫోన్ లాకు, బ్యాంకు వివరాలు గోడకెక్కించలేదు. అవి బీరువాలో అంటించిన కవర్లో ఉన్నాయి, అమ్మాయికి తెలుసు. బ్యాంకు ఖాతా ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్చుకున్నాం. ఆరోగ్య బీమా కాగితాలు ఒకే ఫైల్లో ఉన్నాయి. ఆసుపత్రి తుది బిల్లు పంపాక మూడు గంటల్లో నగదురహిత అనుమతి తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఆ సంగతి తెలిసినవాళ్లు కౌంటరు దగ్గర గట్టిగా అడగగలరు.

మీ అందరినీ నేను కోరేది ఒక్కటే. ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఆ కాగితం రాయండి. రాసేటప్పుడు చిన్నచిన్న తగాదాలొస్తాయి, మాకూ వచ్చాయి. పక్కింటి తాళంచెవి ఎక్కడుందన్న దాని మీద మా ఇంట్లో అరగంట వాదన జరిగింది. ఫరవాలేదు. తెల్లకాగితం మీద తగాదా పడటం, చీకట్లో స్విచ్చి కోసం తడుముకోవడం కంటే చాలా నయం. రాశాక ఒక నకలు పిల్లలకు, ఒక నకలు దగ్గర్లో ఉన్న స్నేహితుడికో స్నేహితురాలికో ఇవ్వండి.

మావారు ఇప్పుడు రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు. మోటారు మాత్రం వారంలో మూడు రోజులు నేను వేస్తున్నాను, మూడు రోజులు ఆయన వంట చేస్తున్నారు. ఆదివారం ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

ఆ 11 రోజులూ నా ఇంటికి సగమై నిలబడిన నా బ్యాచ్‌వాళ్లకు ధన్యవాదాలు.