గోలు కొట్టినవాడు, కొట్టించినవాడు
(యువజన క్రీడా దినమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మాట్లాడుమని నన్ను కోరినప్పుడు మన పిల్లలు ఒక షరతు పెట్టారు. "అయ్యగారూ, ఆట గురించే చెప్పండి, ఆదివారం ప్రసంగం మళ్ళీ చెప్పకండి" అన్నారు. న్యాయమైన షరతే. అందుచేత ఈ సాయంకాలం ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితమును మీ ముందుంచుతాను. ఆయన ప్రదీప్ కుమార్ బెనర్జీ గారు. పి.కె. అంటేనే దేశమంతటికీ తెలుసు. ముందు వరుసలో ఆడి గోల్స్ కొట్టిన ఆయన, ఆ తరువాత కోచ్‌గా గట్టుమీద నిలబడి ఇతరుల చేత కొట్టించారు. ఈ రెండింటిలో ఏది కష్టమో మనం ఆలోచించుదాము.

ఆయన 1936 జూన్ 23న ఉత్తర బెంగాలులోని జల్పాయిగురి ప్రాంతంలో పుట్టి, జంషెడ్‌పూర్‌లో పెరిగారు. పదిహేనేండ్ల ప్రాయంలోనే బీహారు జట్టులో సంతోష్ ట్రోఫీ ఆడారు. 1955లో కలకత్తాలో ఈస్టర్న్ రైల్వే జట్టులో చేరారు. ఆనాడు కలకత్తాలో పేరుగల ఆటగాడంటే మోహన్ బగాన్‌లోనో, ఈస్ట్ బెంగాల్‌లోనో ఉండాలి. ఈయన మాత్రం రైల్వే జట్టును విడువలేదు. 1958లో ఆ రైల్వే జట్టే పెద్ద క్లబ్బులను దాటి కలకత్తా లీగు గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన మన జట్టులో ఆయన ఉన్నారు. 1960లో రోము ఒలింపిక్స్‌లో నాయకుడు ఆయనే. ఫ్రాన్సుతో 1-1గా ముగిసిన ఆటలో మన గోలు ఆయన కొట్టినదే.

ఇక్కడ మన హైదరాబాదు వారిని తలచుకోక తప్పదు. ఆ జట్టును తీర్చిదిద్దినది సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుండి మరణించేవరకు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు ఆ జట్టు చేతిలోనే ఉన్నది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మనకు బంగారు పతకం తెచ్చిన జట్టుకూ ఆయనే కోచ్.

1962లో జకార్తాలో ఏమి జరిగిందో యువకులు తెలుసుకోవాలి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాము. థాయిలాండుపై 4-1తో గెలిచాము, అందులో రెండు గోల్స్ పి.కె. గారివి. జపానుపై 2-0తో గెలిచాము. ఒకటి పి.కె. గారిది, రెండవది మన సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం గారిది. బ్యాక్ స్థానంలో ఆడే జర్నైల్ సింగ్ గారి తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అటువంటి మనిషిని రహీం గారు ముందు వరుసలోకి పంపారు! సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలుపు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులను రానీయలేదు గనుక వాటిని ఆసియా క్రీడలనడం తగదని మన దేశపు అధికారి ఒకరు అన్నందున, ప్రేక్షకులు మనకు పూర్తిగా విరోధంగా ఉన్నారు. ఆ గోలలోనే 17వ నిమిషంలో పి.కె. గారు, మూడు నిమిషాలకే జర్నైల్ సింగ్ గారు గోల్స్ చేశారు. 2-1తో బంగారం మనదైంది. అప్పటికే రహీం గారి దేహాన్ని క్యాన్సర్ తినివేస్తున్నది. మరుసటి సంవత్సరం జూన్ 11న కన్ను మూశారు. ఆ తరువాత ఇంతవరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరొక బంగారం రాలేదు.

గోల్స్ పట్టికలో రహీం గారి పేరు ఎక్కడా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పి.కె. గారు 1967లో ఆట విరమించారు. అప్పటికి వయసు ముప్పదియొకటి. తక్కిన వృత్తులలో ఆ వయసుకు మనిషి అప్పుడే కుదురుకుంటాడు. ఆటగానికి అప్పటికే అంతా ముగుస్తుంది. ఉద్యోగమున్నది, అర్జున అవార్డున్నది, పాత కథలు చెప్పుకొంటూ కాలం గడపవచ్చును. కాని ఆయన శిక్షకుని పనిలో దిగారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో జి.ఎం.హెచ్. బాషా గారితో కలిసి శిక్షణ ఇచ్చిన జట్టు కాంస్యం తెచ్చింది. ఆ జట్టు నాయకుడు మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ గారు.

1972లో ఈస్ట్ బెంగాల్ ఆయనను పిలిచింది. ఆ క్లబ్బు చొక్కా ఒక్కనాడూ తొడుగని మనిషి దానికి కోచ్ అయ్యారు. 1975లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది. ఆ వెంటనే మోహన్ బగాన్ వారే ఆయనను పిలుచుకొన్నారు! తమను అంతగా అవమానపరచిన మనిషినే గురువుగా పెట్టుకోవడానికి వారికెంత వినయం కావలసి వచ్చిందో ఊహించండి. 1977లో మోహన్ బగాన్ షీల్డు, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిచింది. ఆ ఏడాదే పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో 2-2గా సమానంగా నిలిచింది.

ఆయన ఆటకు ముందు పిల్లలను కూర్చోబెట్టి మాటలతో ధైర్యం నింపేవారు. దానికి "వోకల్ టానిక్" అనే పేరు వాడుకలోకి వచ్చింది. మాట ఒక్కటే చాలునని అనుకోకండి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన జట్టు క్వార్టర్ ఫైనల్లోనే సౌదీ అరేబియాకు ఒక్క గోలుతో ఓడింది. గోలు కొట్టలేకపోయినవాడు మరుసటి ఆటలో కొట్టి సరిచేసుకోవచ్చును. గట్టుమీదివాడు మైదానంలోకి దిగలేడు. నింద తనది, కాలు మరొకరిది. శిక్షకుని కష్టం ఇదే.

1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీ ఫైనల్ జరిగింది. చూడవచ్చినవారు 1,31,000 మంది. మోహన్ బగాన్‌కు అమల్ దత్తా గారు కోచ్. ఆయన "డైమండ్" వ్యూహం గురించి ఊరంతా చెప్పుకొంటున్నారు. ఈస్ట్ బెంగాల్‌కు అరువది యొకటేండ్ల పి.కె. గారు. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, అందులో మూడు గోల్స్ బైచుంగ్ భూటియావి. మరునాడు అందరి నోట ఆ కుర్రవాని పేరే! జకార్తాలో తన పేరు అలాగే మార్మోగినప్పుడు రహీం గారు పక్కన నిలబడ్డారు. ఇప్పుడు ఆ స్థానంలో పి.కె. గారు నిలబడ్డారు. ఆయన 2020 మార్చి 20న కలకత్తాలో పరమపదించారు. నయీముద్దీన్ గారు కూడా కోచ్ అయి, 1990లో ద్రోణాచార్య అవార్డు పొందారు. హైదరాబాదు బడిపంతులు వెలిగించిన దీపం అలా చేయి మారుతూ వచ్చింది.

పెద్దలారా, ఇప్పుడొక మాట మీతో. మనలో ఒకప్పుడు బాగా ఆడినవారున్నారు. మోకాళ్ళు నొప్పి పుట్టగానే ఇంటికి వెళ్ళి కూర్చొని, "ఈ కాలపు పిల్లలకు ఆట రాదు" అంటున్నాము. మనం నేర్పకపోతే వారికి ఎలా వస్తుంది? హైదరాబాదు ఫుట్‌బాల్ వెనుకబడినదని విచారించేవారు చాలామంది. సాయంత్రం బంతి పట్టుకొని పదిమంది పిల్లల మధ్య నిలిచేవారు కొద్దిమంది. వచ్చే శనివారం నుండి బడి మైదానంలో ఒక గంట మాకివ్వండని యువజన సమాజం వారు మిమ్మును అడగబోతున్నారు. కాదనకండి. ఆ పిల్లలు కొట్టే గోలు మీ పేరున వ్రాయబడదు. అయినను రండి.