చెప్పి వెళ్ళవలసిన మాట

(నరసరావుపేటలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు సంగతి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని మన గుంటూరు పెద్దాసుపత్రిలో జరిగిన ఒక మంచి పని గురించి చెబుతాను.

డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారు గుండె సర్జన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గుండె మార్పిడి 2004లో చేసింది ఆయనే. పేరు వచ్చింది కదా అని అక్కడితో ఆగలేదు. 2015లో సహృదయ ట్రస్టు తరఫున తన బృందంతో హైదరాబాదు నుంచి వచ్చి, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో గుండె ఆపరేషన్లు మొదలుపెట్టారు. 2016 మే నెలలో అక్కడే గుండె మార్పిడి కూడా చేశారు. ఆ ఏడాదే ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

దీని విలువ మాచర్ల, గురజాల కూలివాడికి తెలుసు. గుండె ఆపరేషన్ అంటే హైదరాబాదు ప్రయాణం, అక్కడ తోడుండే మనిషి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించినా, పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు?

అయితే ఎంత గొప్ప సర్జనైనా గుండెను తయారు చేయలేడు. మెదడు పూర్తిగా చనిపోయి, వెంటిలేటర్ మీద గుండె మాత్రం కొట్టుకుంటున్న మనిషి బంధువులు ఒప్పుకోవాలి. తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. ఎవరికివ్వాలో జీవన్‌దాన్ పథకం కింద నిర్ణయిస్తారు.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం మా చెల్లెలి కొడుకు మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. డాక్టర్లు వచ్చి మెల్లగా అడిగారు. మా చెల్లెలు నా ముఖం చూసింది. ఇంటికి పెద్దవాణ్ణి నేను. వద్దన్నాను. వాడి ఇష్టమేమిటో తెలియదు. వాణ్ణి కోస్తారన్న ఊహే భరించలేకపోయాను. నెల తరువాత మా చెల్లెలు, "వాడి గుండె ఎక్కడో ఒకచోట కొట్టుకుంటూ ఉండేది కదన్నయ్యా" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. దానికి జవాబు ఈనాటికీ నా దగ్గర లేదు.

మిత్రులారా, పెన్షన్‌కు, బ్యాంకు ఖాతాకు నామినేషన్ తప్పు లేకుండా రాశాం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఈ ఒక్క మాట ఇంట్లో చెప్పామా? మన వయసులో గుండె పనికిరాకపోవచ్చు. కళ్ళు పనికివస్తాయి. శుక్లాల ఆపరేషన్ అయినవారూ ఇవ్వవచ్చు. చనిపోయిన ఆరు గంటల లోపల తీసుకోవాలి, అంతే. మనం పత్రం మీద సంతకం చేసినా, ఆ ఘడియలో అడిగేది ఇంటివాళ్ళనే. అందుకే సంతకం కంటే చెప్పడం ముఖ్యం.

నేను మా అబ్బాయికీ కోడలికీ చెప్పాను. "ఇప్పుడెందుకు మామయ్యా ఈ మాటలు?" అంది కోడలు. "అప్పుడు చెప్పలేను గదమ్మా" అన్నాను.

ఈ సాయంత్రం మీరూ చెప్పండి. నాకు పట్టిన అవస్థ మీ పిల్లలకు పట్టకూడదు.