అల్పాకా పిల్ల

ఈరోజు పెరూ దేశపు కొండల ముచ్చట చెప్తాను.

4,000 మీటర్ల ఎత్తు. పంట సరిగా పండదు. అల్పాకాల మందే ఆధారం. చూస్తే గొర్రెలా ఉంటుంది గానీ అది ఒంటె జాతి. మందను తోలుకుపోయేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలే. పేడ ఎండబెట్టి పొయ్యిలో పెడతారు, మన పిడకల్లాగే. ఉన్ని ఏడాదికోసారి కత్తిరిస్తారు. తెల్ల ఉన్నికి ధర ఎక్కువ.

అసలు కష్టం డిసెంబరు నుంచి మార్చి దాకా. అక్కడ అది వానాకాలం, ఈనే కాలం. తల్లి పదకొండు నెలలకు పైగా మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది. మన ఆవులాగా పిల్లను నాకదు! కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకట్టే చలి. ఒళ్లు తడిగా ఉంటే పిల్ల బతకడం కష్టం. పోతే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకే ఆ ఇల్లాలు గుడ్డతో తుడిచి కప్పుతుంది. చలిలో పుట్టిన మేకపిల్లను మనం గోనెపట్టాలో చుట్టమూ?