పరుగెత్తువానికి పేరు

నల్లగొండ చెంతనున్న పానగల్లులో, ఉదయసముద్రము చెరువుకట్టపై బాలురు పందెమాడుచుండగా ఒకనాడు చూచితిమి. నలుగురు నాలుగుచోట్ల నిలిచి, ఒకరి చేతికఱ్ఱ నొకరందుకొని పరుగిడుచున్నారు. ఇదేమి యాటయని ఒక వృద్ధుడడిగెను. "రిలే, తాతా" అని పిల్లవాడనెను. "రిలే యేందిరా, అంచెల ఉరుకుడు గదా!" అని ఆ పెద్ద నవ్వెను. మా కాగితముపై మేమును 'రిలే రన్నర్లు' అనియే వ్రాసికొనియుంటిమి, సిగ్గుపడితిమి.

పూర్వము జాబులను మోయు మనుష్యులు దారిపొడవున నిలిచి, ఒకరినుండి ఒకరందుకొని పరుగెత్తెడివారు. ఆ మజిలీయే అంచె. జపానులోను అటువంటి యేర్పాటే ఉండెడిది, దానిపేరు 'ఎకిదెన్'. 1917లో క్యోటోనుండి టోక్యోవరకు, సుమారు 500 కిలోమీటర్లు, 23 అంచెలుగా రేయింబవళ్ళు పందెము నడపినపుడు, వారు ఆ పాతమాటనే తీసి దానికి పెట్టుకొనిరి. అందలి మొదటి అంచెవాడు 'దైఇచి సోషా', అనగా మొదటి పరుగరి.

ఈ 'సోషా' బేస్‌బాల్ ఆటలోను కలదు. 1896లో మసఓకా షికి యను కవి, క్షయరోగ పీడితుడైయుండియు, 'నిప్పోన్' పత్రికలో ఆ యాటను వివరించుచు ఆంగ్లపదములకు తమ మాటలు కూర్చెను. బంతిని కొట్టువాడు 'దషా', పరుగెత్తువాడు 'సోషా'. కొట్టి పరుగందుకొన్న క్షణమున వాడు 'దషా సోషా'. ఒకని బదులు వేరొకడు పరుగెత్తుట 'దైసో'. రెండక్షరములతో ఎంత పని! కవియైనందున ఆయనను ఆటగాండ్రు మరువలేదు. 2002లో తమ కీర్తిమందిరమున చేర్చుకొనిరి.

అట్లని మేము పరభాషా ద్వేషము బోధించుట లేదు. 1943లో యుద్ధావేశమున అక్కడివారు ఆ యాటనుండి ఆంగ్లపదములను తరిమిరి. యుద్ధము ముగియగా అవి తిరిగి వచ్చినవి. నేడు 'సోషా', 'రన్నా' రెండును పక్కపక్కనే బ్రతుకుచున్నవి. మారథాను పరుగెత్తువానిని 'రన్నా' అనుటకు వారికి సంకోచము లేదు.

మనకో, కాలితో తీయునదియు పరుగే, క్రికెట్టులో లెక్కకు వచ్చునదియు పరుగే. తీయువానికి మాత్రము పేరు కుదురలేదు. గాయపడిన బ్యాట్స్‌మన్ బదులు పరుగెత్తువాడును 'రన్నరే'. 2011లో అంతర్జాతీయ పోటీలలో ఆ సదుపాయమునే తీసివేసిరి గనుక ఆ చిక్కు కొంత తీరినది.

ఆ సాయంకాలము మేము మైకు ముందు 'అంచెల పరుగు' అని చదివితిమి. బయటికి రాగానే మా మిత్రులొకరు, "తపాలా శాఖవారి పోటీయా?" అని యడిగిరి. ఆయన కన్నడిగులు. ఆ భాషలో తపాలాకు నేటికిని అంచె యనియే పేరు.