ఇంటి బల్లపై గిటారు పెడల్: పనిముట్లు – పరికరాలు

(ప్రసంగ పాఠం)



75 ఏండ్లు నిండిన తెలుగు పాఠశాల ఉత్సవంలో గిటారు పెడల్ ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. గిటారు వాయించేవారు కాలితో నొక్కి నాదాన్ని మార్చుకొనే చిన్న లోహపు పెట్టెను పెడల్ అంటారు. ఓమ్ నియమం, విద్యుదయస్కాంత ప్రేరణ, ధ్వని తరంగాలు అని ఉన్నత పాఠశాలలో వేర్వేరుగా చెప్పే మూడు పాఠాలు ఆ ఒక్క పెట్టెలో కలిసి పనిచేస్తాయి. పైగా ఇంటిలో, చదువుకొనే బల్లమీద, కొద్దిపాటి పనిముట్లతో దానిని తయారుచేయవచ్చును. ఏ పనిముట్లు కావాలో, ఏవి అక్కరలేదో, ఏ పని ప్రమాదకరమో విద్యార్థితోబాటు తల్లిదండ్రులు కూడ తెలిసికొని ఉండడం మేలు.

ముందుగా గిటారు సంగతి. విద్యుత్ గిటారులో ఉక్కు తీగల క్రింద అయస్కాంతం, దాని చుట్టూ వేలకొలది చుట్లుగా సన్నని రాగితీగ ఉంటాయి. తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పువలన రాగిచుట్టలో అల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. తెలుగువారికి ఈ విద్య కొత్త కాదు. 1969లో పాలకొల్లులో జన్మించి, చెన్నై నగరంలో స్థిరపడి, 2014లో ఇక్కడనే కన్నుమూసిన మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించారు. నాలుగు జంటతీగల వాద్యాన్ని అయిదు ఒంటితీగల వాద్యంగా మార్చుకొన్నారు. వాద్యాన్ని ఉన్నది ఉన్నట్లుగా స్వీకరించక, తన సంగీతానికి తగినట్లు దిద్దుకొనడమే అందులోని పాఠం.

పెడల్ పుట్టుక కూడ అటువంటిదే. 1961లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో వెలువడిన మార్టీ రాబిన్స్ పాటలో, రికార్డింగ్ యంత్రపు లోపంవలన ఒక గిటారు నాదం బరబరమని వికృతంగా వినిపించినది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్ని పారవేయలేదు. అదే నాదాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలన్నపుడు పుట్టించే సర్క్యూట్‌ను మరొక ఇంజనీరుతో కలిసి రూపొందించారు. 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అది అంగడికి వచ్చినది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ఒక పాటలో వాడిన తరువాత దానికి విశేషమైన గిరాకీ ఏర్పడినది.

ఈ పనికి కావలసిన సామగ్రి తొండియార్‌పేటకు దూరాన లేదు. 2021 ఫిబ్రవరిలో ఈ పేటకు మెట్రో రైలు వచ్చిన పిమ్మట, ఇక్కడ ఎక్కినవారు గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషనులో దిగి రిచీ వీధికి నడిచి వెళ్ళవచ్చును. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, స్విచ్‌లు, వైర్లు విడివిడిగా దొరికే వీధి అది. ఆ వీధి ఉన్న చింతాద్రిపేట 1734 ప్రాంతంలో నేతగాండ్ర కొరకు ఏర్పడిన పేట. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేట అన్న మాటే చింతాద్రిపేట అయినదని చెబుతారు. ఇంటిలో మగ్గం పెట్టుకొని బ్రతికిన పేటలోనే ఇంటిలో ఎలక్ట్రానిక్స్ పని చేసుకొనేవారికి సరుకు దొరుకుచున్నది. ఇంటిపని హస్తకళ ఉత్తర చెన్నపట్నపు తెలుగువారికి ఎన్నడూ పరాయి కాలేదు.

ఇక పనిముట్లు. మొదట కొనవలసినది సాల్డరింగ్ ఐరన్ కాదు, బ్రెడ్‌బోర్డు. రంధ్రాలుగల ఈ ప్లాస్టిక్ పలకలో భాగాలను గుచ్చి, అతుకులు లేకుండానే సర్క్యూట్‌ను పరీక్షింపవచ్చును. తప్పయితే పీకి మరల గుచ్చవచ్చును. దానితోబాటు మల్టీమీటరు కావాలి. బ్యాటరీలో వోల్టేజి ఎంత ఉన్నది, రెసిస్టర్ విలువ ఎంత, రెండు చివరల మధ్య తీగ తెగినదా కలిసినదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగల సాధారణ మీటరు చాలును. తీగ కలిసి ఉంటే బీప్‌మని మ్రోగే మీటరు అయితే మరింత అనుకూలం.

తరువాతిది సాల్డరింగ్ ఐరన్. 25 వాట్లది ఈ పనికి సరిపోతుంది. కంసాలి టంకం పెట్టే విద్యకు ఇది దగ్గరి బంధువు. కంసాలి వెలిగారం వాడినట్లే, సాల్డర్ తీగ నడుమ రోజిన్ అనే చెట్టుబంక ఉంటుంది. లోహంపై పట్టిన ఆక్సైడు పొరను తొలగించి అతుకును పట్టనిచ్చుట రెండింటి పనీ. 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం కలిసిన సాల్డర్ సుమారు 190 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పూర్తిగా కరుగుతుంది. కొత్తవారు చేసే పొరపాటు ఒక్కటే: సాల్డర్‌ను ఐరన్ మొనపై కరిగించి అతుకుపై రాస్తారు. అట్లు చేయరాదు. మొనతో అతుకవలసిన తీగను, రాగిపట్టీని రెండింటినీ రెండు మూడు సెకన్లు వేడిచేసి, ఆ వేడికి సాల్డర్‌ను అందించాలి. మంచి అతుకు నునుపుగా మెరుస్తుంది. చెడ్డ అతుకు గరుకుగా, ముద్దగా నిలుస్తుంది. ఐరన్‌కు స్టాండు, మొన తుడవడానికి తడి స్పాంజి, తప్పు అతుకును పీల్చివేయడానికి డీసాల్డరింగ్ పంపు తప్పనిసరి. సైడ్ కట్టర్, నోస్ ప్లయర్, వైర్ స్ట్రిప్పర్, చిన్న పట్టకారు, ఒకటి రెండు స్క్రూడ్రైవర్లు ఉంటే బల్ల నిండినట్లే.

భాగాలను అతుకడానికి రాగిపట్టీలుగల వెరోబోర్డు మొదటివారికి చాలును. స్వయంగా పి.సి.బి. చెక్కదలచినవారు ఫెర్రిక్ క్లోరైడు వాడతారు. అది బట్టను, గచ్చును మరకచేస్తుంది, లోహపాత్రను తినివేస్తుంది. చేతి తొడుగులతో, ప్లాస్టిక్ పళ్ళెంలో, పెద్దల సమక్షంలో మాత్రమే ఆ పని చేయాలి. వాడిన ద్రావణంలో రాగి కరిగి ఉంటుంది కనుక దానిని కాలువలో పారబోయరాదు.

పెట్టె లోహపుదే కావాలి. చుట్టుపక్కల విద్యుత్ తీగలనుండి వచ్చే 50 హెర్ట్జ్‌ల గుమ్మనే రొద లోపలికి చొరకుండ భూసంబంధంగల లోహం అడ్డుకొంటుంది. అల్యూమినియం పెట్టెకు తొర్రలు వేసేముందు సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచాలి. కాలిస్విచ్‌కు 12 మిల్లీమీటర్ల తొర్ర సాధారణంగా సరిపోతుంది. పెట్టెను చేతితో పట్టుకొనక బల్లకు బిగించాలి. కంటికి అద్దాలు ధరించాలి. అంచుల కరుకును ఆకురాయితో తీయాలి.

ఈ పనిలో పాఠ్యపుస్తకం ఎక్కడ ఎదురవుతుందో రెండు ఉదాహరణలు చాలును. పెడల్ పనిచేయుచున్నదని తెలుపడానికి ఒక ఎల్.ఇ.డి. దీపం పెడతారు. 9 వోల్టుల బ్యాటరీలో దీపం 2 వోల్టులు తీసికొంటే 7 వోల్టులు మిగులుతాయి. 4700 ఓమ్‌ల నిరోధం పెడితే సుమారు ఒకటిన్నర మిల్లీఆంపియర్ల ప్రవాహం నడుస్తుంది. నిరోధం పెట్టడం మరచినవారి దీపం ఒక్క క్షణంలో మాడిపోతుంది. ఓమ్ నియమం పరీక్షలో మార్కు పోగొట్టినపుడు కంటె దీపం పోగొట్టినపుడు బాగుగా గుర్తుంటుంది. రెండవది: 10,000 ఓమ్‌ల నిరోధం తరువాత 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను భూమికి కలిపితే, సుమారు 1600 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులు తగ్గనారంభిస్తాయి. కెపాసిటర్‌ను 0.1కి మార్చితే ఆ హద్దు 160కి దిగుతుంది; నాదం దుప్పటి కప్పినట్లు మందగిస్తుంది. సూత్రంలోని ఒక అంకె మారితే చెవికి ఏమవుతుందో అక్కడ తేటతెల్లమవుతుంది.

వికృతనాదపు రహస్యం కూడ అంతే సులువు. 1ఎన్4148 వంటి రెండు సిలికాన్ డయోడ్లను ఎదురెదురుగా పెడితే, తరంగపు శిఖరం సుమారు 0.6 వోల్టులు దాటగానే అవి దానిని కోసివేస్తాయి. గుండ్రని శిఖరం చదునవుతుంది. చదునయిన తరంగంలో కొత్త అతిస్వరాలు పుడతాయి. నాష్‌విల్‌లో లోపంగా వినిపించినది ఇక్కడ లెక్కకు లొంగినది.

మొదటిసారి తయారుచేసిన పెడల్ తరచుగా పలకదు. ఇంటిలో పెద్దలు డబ్బు దండుగ అయినదని నొచ్చుకొనేదీ, పిల్లలు పెట్టెను మూలకు నెట్టేదీ అప్పుడే. ఆ సమయానికి ఉపకరించే పరికరమే అన్నింటికంటె చవకైనది. ఆంప్లిఫయర్‌కు కలిపిన తీగ చివర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను అతికితే అది ఆడియో ప్రోబ్ అవుతుంది. గిటారు మీటుచూ, దాని మొనతో సర్క్యూట్‌ను ప్రవేశస్థానంనుండి ఒక్కొక్క భాగంగా తాకుతూ పోవాలి. వైద్యుడు గుండెపై స్టెతస్కోపు ఆనించినట్లు, ఎంతవరకు నాదం వినిపించినదో అంతవరకు సర్క్యూట్ ఆరోగ్యంగా ఉన్నట్లు; ఎక్కడ ఆగినదో అక్కడనే తప్పు. ఆ తప్పు చాలమారులు గరుకు అతుకుగానో, తిరగబడిన ట్రాన్సిస్టర్ కాళ్ళుగానో బయటపడుతుంది. పారవేయదలచిన పెట్టె పది నిమిషాలలో పలుకుతుంది. తప్పును వెదకే పద్ధతి చేతికి వచ్చిన విద్యార్థి ఏ యంత్రంముందూ నిస్సహాయంగా నిలబడడు.

తల్లిదండ్రులు గమనింపవలసిన జాగ్రత్తలు మూడు. పెడల్ 9 వోల్టుల బ్యాటరీతోనే నడవాలి. 230 వోల్టుల గోడ విద్యుత్తును పెట్టెలోనికి తీసికొనరాదు. లోపల ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉండే వాల్వు ఆంప్లిఫయర్లను పిల్లలు తెరువరాదు. సాల్డర్‌లో సీసం ఉన్నది కనుక పనిచేస్తూ తినరాదు, ముగియగానే చేతులు కడుగుకొనాలి. పొగ ముఖానికి రాకుండ కిటికీ తెరచి ఉంచాలి.

చివరకు ఒక్క మాట. తెలుగులో విజ్ఞానశాస్త్రం చదివిన పిల్లవాడు రేపు యంత్రాలముందు వెనుకబడునేమో అన్న భయం ఎందరో తల్లిదండ్రులకు ఉన్నది. ఆ భయాన్ని తేలికగా త్రోసివేయడం తగదు. అయితే రెసిస్టర్‌పై ఉన్నది ఏ భాషా కాదు; పసుపు, ఊదా, ఎరుపు పట్టీలు. ఆ రంగులను 4700 ఓమ్‌లుగా చదువగలవాడు రిచీ వీధిలో తమిళంలో అడిగి కొంటాడు, ఇంగ్లీషు పటాన్ని చూచి అతుకుతాడు, తెలుగులో నేర్చిన నియమంతో తప్పు దిద్దుకొంటాడు. విషయం స్పష్టంగా బోధపడిన భాష ఒకటి ఉంటే తక్కిన రెండూ దాని తోడుగా వస్తాయి.

ఈ పాఠశాల ప్రయోగశాలలో ఒక బల్ల, రెండు సాల్డరింగ్ ఐరన్లు, ఒక మల్టీమీటరు, కొన్ని బ్రెడ్‌బోర్డులు ఏర్పాటు చేయడం పూర్వ విద్యార్థులకు భారం కాబోదు. సామగ్రికంటె విలువైనది, నెలకొక శనివారం ఆ బల్లవద్ద ఒక గంట కూర్చుండగల పెద్దల ఓపిక. ప్లాటినం ఉత్సవపు దీపాలు ఆరిన తరువాత కూడ ఆ బల్లపై ఒక చిన్న ఎల్.ఇ.డి. వెలుగుచుండుగాక.