పిల్లలతో ఓడ ప్రయాణం
(మన సభ కుటుంబ సాయంకాలంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "పిల్లలతో యూరపు ఓడ ప్రయాణం". మొన్న సంక్రాంతి విందులో మా ప్రయాణం సంగతి నోరు జారి చెప్పినందుకు ఇది నాకు శిక్ష. నేను యాత్రల ఏజెంటును కాను. ఒకే ఒక్కసారి, 2019లో, మధ్యధరా సముద్రం మీద ఏడు రాత్రులు తిరిగి వచ్చినవాణ్ణి. వెళ్ళింది ఐదుగురం: మా అమ్మ, నేను, నా భార్య, అప్పటికి పదమూడేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి. ఈ మధ్య మన కుటుంబాల్లో చాలామంది ఈ ప్రయాణం గురించి అడుగుతున్నారు గనుక తెలిసినంత చెబుతాను.

ముందుగా ఇంట్లో జరిగిన తగాదా చెప్పాలి. ఆ డబ్బు మేము ఆరేళ్ళుగా పోగుచేసింది సింహాచలం వెళ్ళడానికి. అప్పన్న దర్శనం చేసుకోవాలని మా అమ్మకు చిన్ననాటి కోరిక. పిల్లలు బడిలో ఎవరో చెప్పగా విని ఓడ, ఓడ అని పట్టుబట్టారు. మేము లొంగిపోయాము. దీన్ని పిల్లల విజ్ఞానం కోసమని పైకి చెప్పుకున్నాముగాని, నిజం అది కాదు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున, "సింహాచలం ఎక్కడికీ పోదు. కాని పిల్లల్ని ఓడ ఎక్కిస్తావా?" అంది. డబ్బు గురించి ఒక్క మాట లేదు. పెద్దవాళ్ళ భయాలు అంతేలే అనుకున్నాను. చివరికి, "నేనూ వస్తాను, నా కళ్ళ ముందుంటారు" అని ఒప్పుకుంది. అప్పటికామెకు డెబ్బయ్యేళ్ళు.

ఇక ప్రయాణం. మన పిల్లలకు చలికాలపు సెలవులిచ్చే రోజుల్లో అక్కడ నడివేసవి. టికెట్లు అప్పుడే ప్రియం, ఎండలు అప్పుడే తీవ్రం. మేము పారిసులో దిగడానికి కొద్దిరోజుల ముందు, జూలై 25న, ఆ ఊళ్ళో 42.6 డిగ్రీల వేడి కాసింది. డిసెంబరు సెలవుల్లో వెళితే చవక. కాని సముద్రం కుదురుగా ఉండదు, పిల్లలు ఈతకొలనులో దిగలేరు. పారిసు నుంచి రైల్లో మార్సే వెళ్ళి అక్కడ ఓడ ఎక్కాము. ఈ ఓడలకు ఒకటే మొదలు, ఒకటే చివర అని ఉండదు. ప్రతి రేవులోనూ కొందరు ఎక్కుతారు, కొందరు దిగుతారు. మార్సేలో ఎక్కితే మనవాళ్ళకు ఫ్రెంచి మాట అక్కరకు వస్తుంది.

మన మారిషస్ పాస్‌పోర్టుకు తొంభై రోజుల లోపు ఆ దేశాలకు వీసా అక్కరలేదు. దర్బను నుంచి చుట్టాలు కలుస్తామంటే వాళ్ళకు షెంగెన్ వీసా కావాలి. ఓడ మధ్యలో ట్యునీసియాకో టర్కీకో పోయి వచ్చేదైతే, అనేకసార్లు ప్రవేశించే వీసా తీసుకోమనండి. లేకపోతే తిరిగి లోపలికి రావడం కష్టం. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో ముఖం ఫొటో, వేలిముద్రలు తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వేలిముద్రలు లేవు, ఫొటో మాత్రమే.

గదుల సంగతి. మేము రెండు లోపలి గదులు తీసుకున్నాము. కిటికీ ఉండదు, దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. బాల్కనీ గది అందమైనదేగాని, ఏడేళ్ళవాడు ఉన్న ఇంట్లో ఆ తలుపుకు కాపలా ఎవరు కాస్తారు? మా గదిలో గోడమీది నుంచి కిందికి దిగే పైమంచం ఒకటి ఉంది. నిచ్చెన ఎక్కి పడుకోవడమే అబ్బాయికి సగం ప్రయాణం. అమ్మ వచ్చి ఆ మంచాన్ని చూసి, దాని అంచు చేత్తో తడిమి, ఏమీ అనకుండా తన గదికి పోయింది.

ఓడ కదలకముందు అందరికీ ప్రమాద సమయంలో చేయవలసిన పనులు నేర్పుతారు. విసుగనుకుని మానవద్దు. 2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకోర్డియా ఓడ ఇటలీలో గిల్యో దీవి దగ్గర రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం రోముకు దగ్గరి రేవులో ఎక్కినవారికి ఈ అభ్యాసం ఇంకా జరగనే లేదు. ఆ తరువాతనే బయలుదేరక ముందే చేయాలన్న నియమం వచ్చింది. పిల్లలకు సరిపడే రక్షణ కోటు గదిలో ఉందా లేదా అని అడిగి తెప్పించుకోండి. మా అబ్బాయికి పెద్దవాళ్ళది ఇచ్చారు. అది తొడిగితే వాడి ముఖమే కనబడలేదు. మా అమ్మ ఆ కోటు మార్చేదాకా అక్కడి నుంచి కదలలేదు.

పిల్లల కోసం వయసులవారీగా ఆటగదులు ఉంటాయి. పొద్దున అప్పగిస్తే భోజనానికి తెచ్చుకోవచ్చు. ఇది వరమూ, ఆపదా కూడా. రెండో రోజుకే మా అబ్బాయికి ఓడే ఊరైపోయింది. జెనోవాలో దిగమంటే ఏడుపు! ఇంత ఖర్చు పెట్టి యూరపు తీసుకువెళితే, వాడికి కావలసింది జారుడుబల్లా, ఐస్‌క్రీమూ. ఆ రెండూ మన గ్రాండ్ బేలో కూడా దొరుకుతాయి.

జలాంతర్గామి చూపిస్తానని ఆశపెట్టి దింపాము. జెనోవాలో రేవు నుంచి నడిచిపోయే దూరంలో గలాటా అనే సముద్ర ప్రదర్శనశాల ఉంది. దాని ముందు నీళ్ళలో నజారియో సౌరో అనే పాత జలాంతర్గామిని కట్టి ఉంచారు. తలకు టోపీ పెట్టి లోపలికి పంపుతారు. ఆ ఇరుకు గుమ్మాల్లో తల కొట్టుకోని పెద్దవాడు లేడు. అబ్బాయి మూడుసార్లు టోపీ ఠక్కుమనిపించి సంతోషించాడు.

ఆ శాలలోనే పై అంతస్తులో, ఇటలీ నుంచి పొట్ట చేతపట్టుకుని అర్జెంటీనాకు, బ్రెజిలుకు, అమెరికాకు పోయినవాళ్ళ గదులు మళ్ళీ కట్టి చూపించారు. మూడో తరగతివాళ్ళు పడుకునే చెక్క మంచాలు, ఒకదానిమీద ఒకటి. మగవాళ్ళకు వేరే, ఆడవాళ్ళకు, పిల్లలకు వేరే. మా పిల్లలు బడి తరఫున పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ చూసినవాళ్ళే. ఆ పదహారు మెట్లు లెక్కపెట్టినవాళ్ళే. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో 36 మంది వచ్చారని అమ్మాయి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. కాని మెట్లు ఎక్కిన తరువాతి కథే మనకు తెలుసు. మెట్ల దాకా ఎలా వచ్చారో చూసే వీలు మనకు లేదు. అబ్బాయి మంచాలు చూసి, "నాయనమ్మా, మనవాళ్ళు కూడా ఇలాగే పడుకుని వచ్చారా?" అని అడిగాడు.

అమ్మ మంచం వెడల్పు జానలతో కొలిచింది. "ఇంత చోటు ఇచ్చి ఉండరురా" అంది. తరువాత అక్కడున్న బల్లమీద కూర్చుని చెప్పింది. ఆమె ముత్తాత, ముత్తవ్వ విశాఖపట్నం జిల్లా నుంచి ఓడ ఎక్కేనాటికి వాళ్ళ చేతిలో ఏడాది నిండని మగపిల్లవాడు ఉన్నాడట. దారిలో విరేచనాలు పట్టుకున్నాయి. దేశం కనబడడానికి ఎన్నిరోజుల ముందో తెలియదుగాని, పిల్లవాణ్ణి సముద్రానికి ఇచ్చేశారు. ఇక్కడ పుట్టిన తరువాతి కొడుక్కి అదే పేరు పెట్టారు. ఆయనే మా అమ్మకు తాత. ముత్తవ్వ బతికినంత కాలం సముద్రపు ఒడ్డుకు పోలేదట. నాకు అప్పటికి నలభైఆరేళ్ళు. ఈ మాట నేను వినడం అదే మొదటిసారి. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నువ్వెప్పుడు అడిగావు?" అంది. "పిల్లల్ని ఓడ ఎక్కిస్తావా" అన్నదానికి నేను ఇంట్లో చేసుకున్న అర్థం నాకప్పుడు గుర్తుకు వచ్చింది.

అమ్మాయి ఆ రోజు మధ్యాహ్నం ఓడకు వచ్చి తన పుస్తకంలో ఏదో రాసుకుంది. మాకు చూపించలేదు.

ఇక నేపుల్సులో నేను చేసిన తప్పు. మీరు చేయకూడదని చెబుతున్నాను. అక్కడి నుంచి పాంపే పోవచ్చు. ఓడవాళ్ళే బస్సులో తీసుకువెళ్ళి తెస్తారు, దానికి ఖరీదెక్కువ. రైల్లో మన సొంతంగా పోతే నాలుగోవంతు కూడా కాదు. తేడా ఏమిటంటే, ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మనం ఆలస్యమైతే ఆగదు. ఎండకు తట్టుకోలేనని అమ్మ ఓడలోనే ఉండిపోయింది. మేము నలుగురం రైలెక్కాము.

పాంపే పిల్లలకు చూపించవలసిన చోటు. సందేహం లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన ఊరు. రాతివీధుల్లో బండిచక్రాల గాళ్ళు అలాగే ఉన్నాయి. వీధి దాటడానికి వేసిన ఎత్తురాళ్ళ మీద అబ్బాయి గంటసేపు గెంతాడు. ఒక ఇంటి గుమ్మంలో చిన్నచిన్న రాళ్ళతో కట్టిన గొలుసు కుక్క ఉంది, దొంగలను బెదిరించడానికి. అది చూసి రెండువేల ఏళ్ళనాటివాళ్ళు మనలాంటివాళ్ళే అని అమ్మాయి తేల్చేసింది. చాలు, ఇక పోదామని నా భార్య రెండుసార్లు అంది. ఆ రొట్టెల భట్టీ ఒక్కటి చూసి పోదామన్నది నేను. ఆ భట్టీ దగ్గర దారి తప్పాము. స్టేషనుకు చేరేసరికి ఒక రైలు పోయింది. తరువాతి దానిలో నిలబడడానికి చోటు లేదు. నేపుల్సులో దిగి, అబ్బాయిని భుజానికెత్తుకుని రేవు దాకా పరుగు. ఓడ పోతే మేము నలుగురం పెట్టెలు లేకుండా ఇటలీలో, మా అమ్మ ఒక్కతీ ఓడలో మెస్సినాకు! ఆ పరుగులో నాకు వేరే ఆలోచన లేదు.

ద్వారం మూయడానికి పది నిమిషాలుందనగా చేరాము. లోపల మెట్లదగ్గర అమ్మ నిలబడి ఉంది, పక్కన భోజనశాలలో పనిచేసే కుర్రవాడొకడు. మన దేశంవాడు, ఫ్లాక్ నుంచి వచ్చినవాడు. ఈ ఓడల్లో మన మారిషస్ పిల్లలు చాలామందే పనిచేస్తారు. అమ్మ వాడితో క్రెయోలులో మొర పెట్టుకుంటే, వాడు పై అధికారులకు ఫోనుచేసి మా గది నెంబరు చెప్పి, నాలుగు పేర్లూ రాయించాడట. అమ్మ నన్ను ఏమీ అనలేదు. అబ్బాయిని నా భుజం మీది నుంచి దింపుకుని, తల నుంచి పాదాల దాకా తడిమి చూసుకుంది. ఆ రాత్రి పైమంచం మీద కాదు, వాడు నాయనమ్మ గదిలోనే పడుకున్నాడు.

అందుచేత నా సలహా ఒకటే గట్టిది. దూరపు చోటైతే ఓడవాళ్ళతో పొండి, రేవు పక్కనే ఉన్న ఊరైతే సొంతంగా తిరగండి. మెస్సినా అలాంటి ఊరే. ఓడ దిగి కొద్ది నిమిషాలు నడిస్తే పెద్దచర్చి. దాని గంటస్తంభం మీద 1933లో పెట్టిన గడియారం ఉంది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి బంగారు సింహం గర్జిస్తుంది, కోడి రెక్కలాడించి కూస్తుంది. దీనికి టికెట్టు లేదు. 1908 భూకంపంలో నేలమట్టమైన ఊరు అది. మళ్ళీ కట్టుకుని గడియారం కూడా పెట్టుకున్నారు. మొత్తం ప్రయాణంలో మా అబ్బాయి ఇప్పటికీ చెప్పేది ఆ కోడి గురించే.

మాల్టాలో రేవు నుంచి కోట తోటలోకి నేరుగా లిఫ్టు ఉంది. పెద్దవాళ్ళకు ఎంతో సుఖం. అక్కడ జనాభా అయిదు లక్షలకు పైనే. దాదాపు అందరికీ ఇంగ్లీషు వచ్చు. అయినా దుకాణంలో, బస్సులో తమలో తాము మాల్టా భాషే. 2004 నుంచి అది యూరపు సమాఖ్య అధికార భాషల్లో ఒకటి. నేను దీని గురించి ఎక్కువ చెప్పను. మన తెలుగు తరగతులకు ఈ సంవత్సరం ఎంతమంది పిల్లలు వస్తున్నారో కార్యదర్శిగారికి తెలుసు.

తిండి సంగతి ఆడవాళ్ళు తప్పక అడుగుతారు. శాకాహారం దొరుకుతుంది, కాని ముందే చెప్పాలి. మా అమ్మ శనివారం నీచు ముట్టదు. ఆ రోజు ఆమె రొట్టె, పండ్లు, ఇంటి నుంచి తెచ్చిన మామిడి పచ్చడితో గడిపింది. మూడో రోజుకు ఆ పచ్చడి సీసా మా బల్లకంతటికీ ఆధారమైంది.

ఇంటికి వచ్చాక అమ్మాయి తన పుస్తకం తీసింది. జెనోవాలో రాసుకున్నది నాయనమ్మ చెప్పిన పేర్లు, ఊరి పేరు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలస వచ్చినవాళ్ళ పాత రిజిస్టర్లు ఉన్నాయని మీకు తెలిసిందే. అమ్మాయి నన్ను లాక్కుపోయింది. పేర్ల ఉచ్చారణ ఒకటి, గుమాస్తా రాసింది ఒకటి. అందుకని రెండుసార్లు తిరగవలసి వచ్చింది. చివరికి దొరికింది. భర్త పేరు, నెంబరు, భార్య పేరు, నెంబరు, జిల్లా విశాఖపట్నం. పిల్లవాడి పేరు ఎక్కడా లేదు. నకలు తెచ్చి అమ్మకు చదివి వినిపించాము. "ఉండదు. వాడు ఇక్కడికి రాలేదు కదా" అంది.

2020లో సింహాచలం వెళ్ళాలని టికెట్లు చూస్తుండగానే సరిహద్దులు మూసేశారు. 2023 జనవరిలో వెళ్ళాము, విమానంలో. ఆ నకలు అమ్మ తన సంచిలో పెట్టుకుని కొండ ఎక్కింది.

టీ చల్లారుతున్నదని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఖర్చుల లెక్కలు రాసిన పుస్తకం నా భార్య దగ్గర ఉంది. కావలసినవారు ఆమెను అడగండి, నన్నడిగితే తక్కువ చేసి చెబుతాను. మెస్సినా కోడి ఫొటో మా అబ్బాయి దగ్గర ఉంది, అడగకపోయినా చూపిస్తాడు.