విరమణధనము – విచారణ – మన కర్తవ్యము



ఈ మహాసభయందు విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మేము విన్నవింపబూనిన విషయ మంత యుత్సాహకరమైనది కాదు. అయినను విజయవాడ పురమునను, కృష్ణా డెల్టా గ్రామములందును సర్కారు కొలువునే నమ్ముకొన్న కుటుంబముల కిది యన్నవస్త్రముల సమస్య. శాఖాపరమైన విచారణ ముగియక మునుపే యుద్యోగి వయఃపరిమితి చేరి విరమించినచో, నతనికి రావలసిన ధనములో ముఖ్యభాగము నిలిచిపోవుచున్నది.

పింఛను ప్రభువుల దయాధర్మమని తలచువారు మనలో నింకను గలరు. అది భిక్ష కాదు, హక్కు అని 1971లో దేవకీనందన ప్రసాదు వ్యాజ్యమునందును, 1982లో నకారా వ్యాజ్యమునందును సుప్రీంకోర్టు తేల్చినది. 2013లో ఝార్ఖండు రాష్ట్రపు వ్యాజ్యమునందు, నియమాధారము లేక కేవలము కార్యాలయపు టుత్తరువులచే పింఛనును, గ్రాట్యుయిటీని విచారణకాలమున నిలుపరాదని చెప్పినది. ఈ తీర్పును విని, తమ సొమ్మంతయు వెంటనే చేతికి వచ్చునని కొంద ఱాశపడుచున్నారు. నియమాధారము లేనిచోటనే యా తీర్పు పనిచేయును. మన రాష్ట్రమున నియమము కలదు.

1980 నాటి ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నియమములలో 9వది, ఘోరమైన దుష్ప్రవర్తనగాని నిర్లక్ష్యముగాని రుజువైనపుడు పింఛనును నిలుపుటకు ప్రభుత్వమున కధికార మొసగుచున్నది. 52వది, విచారణ ముగియువఱకు తాత్కాలిక పింఛను నిప్పించి, గ్రాట్యుయిటీని నిలుపుచున్నది. ఉద్యోగికి రక్షణయు నిందే కలదు. విరమణానంతరము క్రొత్తగా శాఖాపరమైన విచారణ నారంభించుటకు ప్రభుత్వానుమతి కావలెను. నాలుగేండ్లకు పూర్వము జరిగిన సంగతిపై దాని నారంభింపరాదు.

ప్రభుత్వపక్షమున న్యాయము లేకపోలేదు. ప్రజాధనము నపహరించినవాడు విరమణదినమును అడ్డుపెట్టుకొని తప్పించుకొనరాదు. మనవాడైనంతమాత్రమున దోషిని వెనుక వేసికొని రమ్మని మే మీ సభను కోరము. కాని విచారణ యేండ్లతరబడి సాగినచో, తీర్పునకు ముందే కాలము శిక్షించుచున్నది. గ్రాట్యుయిటీతో తీర్పదలచిన ఋణమునకు వడ్డీ పెరుగును. కూతు పెండ్లి యాగును. కట్టుచున్న యిల్లు మొండిగోడలతో నిలుచును. నిర్దోషియని కడకు తేలినను ఆ సంవత్సరములను తిరిగి యిచ్చువా రెవరు? నిజమైన దోషికో, జాప్యమే రక్షయగును. సాక్షులు మఱతురు, కాగితములు మాయమగును.

న్యాయస్థానము లీ జాప్యమును సహింపలేదు. హైదరాబాదు నగరపాలక సంస్థలో పనిచేసిన యొక యుద్యోగిపై, పదేండ్లకు పైబడిన సంగతులనుగూర్చి మోపిన యభియోగములను 1998లో సుప్రీంకోర్టు నిలువనీయలేదు; మన రాష్ట్రప్రభుత్వపు అప్పీలు వీగిపోయినది. శాఖాపరమైన విచారణ ఆఱు నెలలలో, తప్పనిచో నొక సంవత్సరములో ముగియవలెనని 2015లో ఆ న్యాయస్థానమే పలికినది. విచారణకు సంబంధింపకున్నను మఱొకటి చెప్పదగును: 2020లో మన రాష్ట్రమున వాయిదావేసిన జీతములపైనను పింఛనులపైనను, నూటికి 6 చొప్పున వడ్డీ చెల్లింపవలెనని 2021లో తీర్పు వచ్చినది.

కావున మన కర్తవ్య మేమి? అభియోగపత్ర మందినవారు గడువులోపలనే సమాధాన మీయవలెను; ప్రతి కాగితమునకు నకలు దాచవలెను; తామై వాయిదాలు కోరరాదు; విచారణను త్వరగా ముగింపుడని వ్రాతమూలముగా నడుగవలెను. తాత్కాలిక పింఛనుకు వెంటనే దరఖాస్తు చేయవలెను. భవిష్యనిధి తన జీతమునుండి దాచుకొన్న సొమ్ము గనుక దానిని వేఱుగా కోరవలెను. ఇవి తెలియక చేతులు ముడుచుకొని కూర్చున్న కుటుంబముల కొఱకు, విశ్రాంతోద్యోగులును న్యాయవాదులును గల యొక సహాయకసంఘమును విజయవాడయందు నేర్పఱుపుడని సభవారిని ప్రార్థించుచున్నాము.

కార్యాలయములందు విచారణాధికారులుగా కూర్చున్న మనవారికి నొక మనవి. మీ బల్లపై నున్న కట్ట కేవలము కాగితముల కట్ట కాదు, ఒక సంసారము. ఎవ్వరిదైనను, ఏ కులమువారిదైనను, దానిని త్వరగా తేల్చుడు. దోషియైనచో శిక్షింపుడు, కానిచో విడువుడు.

కడపటి మాట. అభియోగము వచ్చినదని వినినంతనే ఆ యింటి గడప త్రొక్కుట మానుకొను నలవాటు మనలో నున్నది. విచారణ ముగియక ముందే ధనము నిలిచినది చాలదా? బంధుత్వమును గూడ నిలుపవలెనా?